మరల బోధనకు: ఒక చకారం చెప్పిన సమాధానం

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి నవమానువాకం పరిమాణంలో స్వల్పం, ప్రయోజనంలో గంభీరం. మానవుడు అనుష్ఠించవలసిన ధర్మాలను అది వరుసగా పేర్కొంటుంది: ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం, అగ్నులు, అగ్నిహోత్రం, అతిథిసేవ, లోకవ్యవహారం, సంతానం, సంతానోత్పత్తి, వంశాభివృద్ధి. ఈ పన్నెండింటిలో ప్రతి ఒక్కదాని వెంట స్వాధ్యాయ ప్రవచనాలను జోడిస్తుంది. స్వాధ్యాయమంటే అధ్యయనం, ప్రవచనమంటే అధ్యాపనం. పన్నెండు పర్యాయాలు అదే జంట పునరుక్తమవుతుంది. వాటిని ధర్మాలతో కలిపేది ‘చ’ అనే ఒక్క అక్షరం. సంస్కృతంలో ‘చ’ అంటే ‘మరియు’. ‘లేక’ అనడానికి ‘వా’ అనే వేరొక అవ్యయం ఉన్నది. ఉపనిషత్తు ఈ స్థలంలో ‘వా’ అనలేదు.

ఈ చకారం మీద నాకు కలిగిన ఆసక్తి కేవలం వ్యాకరణ కుతూహలం కాదు. నేను రాజమహేంద్రవరంలోని ఒక ఉన్నత పాఠశాలలో 2005 నుండి 2012 వరకు ఏడు సంవత్సరాలు గణితం బోధించాను. 2012లో కుమారుడు జన్మించాడు. అప్పటికి కుమార్తెకు నాలుగేళ్లు. అదే ఏడు మామగారికి పక్షవాతం వచ్చింది. ఆ వేసవిలో ఉద్యోగం విడిచాను. మరల తరగతి గదిలో అడుగుపెట్టినది 2023 జూన్‌లో. నడుమ పదకొండు సంవత్సరాలు గడిచాయి. ఆ కాలానికి ఏమని పేరు పెట్టాలి, తిరిగి వెళ్లాలన్న కోరిక ధర్మమా లేక కామమా, వెళ్లినచో ఏ యోగ్యతతో వెళ్లాలి అనే మూడు ప్రశ్నలు నన్ను చిరకాలం వెంబడించాయి. ఇదే స్థితిలో ఉన్న సోదరీమణులు అనేకులు గనుక ఆ విచారక్రమాన్ని ఇక్కడ నివేదిస్తున్నాను.

విరామమా, విచ్ఛేదమా?

లోకంలో ఈ కాలానికి ‘గ్యాప్’ అని పేరు. దరఖాస్తు పత్రంలో అనుభవ వివరాల దగ్గర ‘నుండి’, ‘వరకు’ అని రెండు గడులుంటాయి. నా విషయంలో 2012 తరువాత ఆ గడులు శూన్యం. గణితం చెప్పేవారికి శూన్యం పట్ల భయం ఉండరాదు. శూన్యానికి స్వతంత్రంగా విలువ లేకపోయినా స్థానాన్ని నిలిపి ఉంచే శక్తి ఉన్నది. 103 అనే సంఖ్యలో నడిమి సున్నను తొలగిస్తే నూట మూడు కాస్తా పదమూడవుతుంది. అయినప్పటికీ ఆ ఖాళీ గడులను చూసినప్పుడు ఈ గణితజ్ఞానం నాకు ధైర్యమివ్వలేదని యథార్థంగా చెప్పాలి.

ఈ సందర్భంలో ఒక లౌకిక దృష్టాంతం స్మరణీయం. ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అనగా టెట్, మన రాష్ట్రంలో 2011లో ఆరంభమైంది. నేను 2012లో అందులో ఉత్తీర్ణురాలనయ్యాను. ఆనాటి నిబంధన ప్రకారం ఆ ధ్రువపత్రానికి ఏడు సంవత్సరాల చెల్లుబాటు. కనుక 2019లో దాని ఆయువు తీరింది. 2021 జూన్‌లో కేంద్ర విద్యాశాఖ ఆ పరిమితిని తొలగించి, 2011 నుండి వర్తించే విధంగా, ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుందని ప్రకటించింది. బీరువాలో ఫైలు అడుగున రెండేళ్లు మృతప్రాయమై ఉన్న కాగితం ఒక్క ప్రకటనతో పునరుజ్జీవితమైంది. అందులో ఒక్క అక్షరమైనా మారలేదు. దానిని పొందిన వ్యక్తి మాత్రం తొమ్మిదేళ్లలో చాలా మారింది.

విద్య ఏడేళ్లకు గతిస్తుందా, జీవితాంతం నిలుస్తుందా? ఈ రెండు నిబంధనలూ వ్యవహారసౌలభ్యం కోసం ఏర్పడినవి. కాలం విద్యను చంపదు, బ్రతికించదు. ఆ రెండు పనులూ చేసేది స్వాధ్యాయం ఉండటం, ఉండకపోవటం. నవమానువాకం చివర ముగ్గురు ఋషుల మతాలు కనిపిస్తాయి. ఒకరు సత్యమే ప్రధానమన్నారు, ఒకరు తపస్సే ప్రధానమన్నారు. మూడవవాడైన నాకుడు, ముద్గలుని కుమారుడు, స్వాధ్యాయ ప్రవచనాలే తపస్సని సిద్ధాంతీకరించాడు. ఉద్యోగమే తపస్సని ఆయన అనలేదన్న విషయం గమనార్హం. వేతన పట్టికలో పేరు లేనంత మాత్రాన ఆ తపస్సు ఆగిపోదు. పేరు ఉన్నంత మాత్రాన అది సాగుతున్నదనీ చెప్పలేము.

ఆ పదకొండేళ్లలో నాకు మిగిలిన స్వాధ్యాయం ఎంత? పిల్లలు నిద్రించాక పాలలెక్క పుస్తకం వెనుక పుటల్లో ఒక లెక్క చేయడం. కొన్ని మాసాలు అదీ లేదు. మామగారికి మందులు, పిల్లలకు జ్వరాలు, రాత్రి మూడుసార్లు లేవటం ఉన్న కాలంలో గ్రంథం తెరవలేదు. తంతువు సన్నబడింది, తెగలేదు. సన్నబడిన దారానికీ తెగిన దారానికీ భేదమున్నది. మొదటిదానికి మరల పేట వేయవచ్చును.

పదకొండవ అనువాకంలో విద్య ముగించి ఇంటికి వెళ్లే శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనం ఉన్నది. సంతాన తంతువును తెంచవద్దన్న ఆదేశం, స్వాధ్యాయ ప్రవచనాలలో ఏమరుపాటు తగదన్న ఆదేశం ఆ ఒక్క ప్రసంగంలోనే వస్తాయి. అది పురుష శిష్యుని ఉద్దేశించిన ప్రసంగమని విజ్ఞులు ఆక్షేపించవచ్చును. నా వాదానికి అదే బలం. సంతానం కలిగితే అధ్యాపనం మానుకొమ్మని ఆ ఆచార్యుడు ఆ శిష్యునికి చెప్పలేదు. రెండూ నీవేనన్నాడు. నేటికీ తండ్రి అయిన ఉపాధ్యాయుణ్ణి ‘ఇక పాఠాలు మానేస్తారా?’ అని ఎవరూ అడగరు. పురుషునికి ‘చ’, స్త్రీకి ‘వా’ అన్న విభజన ఉపనిషత్తు చేసినది కాదు. మన గృహాలలో ఏర్పడినది.

ఆచార్యా, ఆచార్యానీ

అమరకోశంలో ఒక సూక్ష్మభేదం ఉన్నది. స్వయంగా బోధించే స్త్రీ ‘ఆచార్యా’. ఆచార్యుని భార్య కావటం వల్ల ఆ గౌరవం పొందే స్త్రీ ‘ఆచార్యానీ’. స్వయంగా బోధించే స్త్రీకి ‘ఉపాధ్యాయా’, ‘ఉపాధ్యాయీ’ అనే రూపాలనూ అమరసింహుడు చెప్పాడు. బోధించే స్త్రీలు లేని సమాజానికి ఈ పదాలతో అవసరమేమి? వ్యవహారంలో భేదం ఉన్నది గనుకనే కోశంలో భేదం నిలిచింది.

ఉద్యోగం విడిచిన మొదటి ఏడాదిలోనే నాకు ఈ భేదం అనుభవగోచరమైంది. అంతవరకు వీధిలో ‘లెక్కల మేడమ్’ అని పిలిచినవారు క్రమంగా ‘ఫలానావారి భార్య’ అన్నారు. పిల్లల పాఠశాల వాట్సాప్ సమూహంలో నా సంఖ్య పక్కన పిల్లవాడి పేరు, దాని చివర ‘మమ్మీ’ అన్న మాట ఉండేది. పదకొండేళ్లపాటు నా పేరు బ్యాంకు పుస్తకంలో, ఆధార్ కార్డులో తప్ప వినిపించిన సందర్భాలు స్వల్పం. ఇవన్నీ ఉపాధులు. ‘మేడమ్’ కూడా ఉపాధియే. స్ఫటికం పక్కన ఎర్ర పువ్వును తీసి పసుపు పువ్వును ఉంచితే స్ఫటికానికి లాభమూ లేదు, నష్టమూ లేదు. వేదాంతం చదివినవారికి ఇది తెలిసిన విషయమే. అయినా ఒక ఉపాధిలో ఊపిరి ఆడనప్పుడు, ఇదంతా మిథ్య కదా అని సరిపెట్టుకోవటం జ్ఞానం అనిపించుకోదు. అది వైరాగ్యవేషం ధరించిన అలసట.

వేదాంతంలో దశమన్యాయం ప్రసిద్ధం. పదిమంది నది దాటారు. ఒకడు లెక్కించి తొమ్మిదిమందే ఉన్నారని విలపించాడు. తనను లెక్కించుకోలేదు. ‘పదవవాడవు నీవే’ అని దారిన పోయేవాడు చెప్పాడు. ఈ కథ మన వంటిళ్లలో ప్రతిదినం జరుగుతున్నది. ఇంట్లో ఆరుగురం. భోజనవేళ నేను తీసే కంచాలు ఐదు. ఆరవది తరువాత తినేవారిది గనుక లెక్కలోకి రాదు. ఒకనాడు అత్తగారు కంచాలు లెక్కపెట్టి, ‘లెక్కల టీచరువి, ఐదు దగ్గరే ఆగిపోతావేమే అమ్మాయ్?’ అన్నారు. హాస్యానికే అన్నారు. నాకు మాత్రం అది మహావాక్యంలా వినిపించింది.

త్యాగమన్న మాట గురించి

2022 చివరలో, తిరిగి బోధించాలన్న ఆలోచనను ఇంట్లో ప్రస్తావించాను. మామగారు 2019లోనే పరమపదించారు. పిల్లవాడు ఐదవ తరగతిలో ఉన్నాడు. కుమార్తె పదవ తరగతి. మావారు సమ్మతించారు. అత్తగారు ‘వెళ్లమ్మాయ్, మధ్యాహ్నం కుక్కరు విజిళ్లు నేను లెక్కపెట్టుకోలేనా?’ అన్నారు. కుమార్తె మాత్రం మౌనంగా ఉండి, ఆ రాత్రి నా పక్కన పడుకొని, ‘అమ్మా, నువ్వు మా కోసమే ఉద్యోగం మానేశావా?’ అని అడిగింది.

ఆ ప్రశ్నకు సిద్ధంగా ఉన్న సమాధానం ఒకటున్నది. ‘అవును, మీ కోసం అన్నీ వదులుకున్నాను’ అనేది. మన కుటుంబాలలో అనేకమంది తల్లులు ఆ మాట అంటారు. అందులో అసత్యం లేదు. కాని ఆ మాట విన్న బిడ్డ మీద ఆ క్షణం నుండి ఋణం ఆరంభమవుతుంది. బాగా చదివితే ఆ ఋణంలో వడ్డీ తీరినట్లు, చదవకపోతే అసలూ వడ్డీ పెరిగినట్లు ఆ పిల్ల జీవితాంతం లెక్క వేసుకుంటుంది.

భగవద్గీత అష్టాదశాధ్యాయంలో త్యాగం మూడు విధాలుగా విభక్తమైంది. చేయవలసిన కర్మను మోహంతో విడిస్తే తామసం. శరీరక్లేశ భయంతో విడిస్తే రాజసం. చేయవలసినదని చేసి, దానిలోని ఆసక్తినీ ఫలాన్నీ విడిస్తే సాత్త్వికం. ఈ లెక్కన ఉద్యోగం మానటం అనే క్రియ త్యాగం కాదు. ఆ సంవత్సరాలలో ఇంట్లో చేసిన కర్మకు ఫలం కోరకపోవటమే త్యాగం. పిల్లల నుండి కృతజ్ఞత అనే ఫలాన్ని నేను ఆశిస్తే, ఆ పదకొండేళ్ల త్యాగం ఆ ఒక్క ఆశతో రద్దవుతుంది.

అందుచేత ఆమెతో ఇలా అన్నాను: ‘అప్పుడు మీరూ తాతగారూ నా ముందున్న పని. ఆ పని ఇష్టంగానే చేశాను. మీరు నాకేమీ బాకీ లేరు. ఇప్పుడు నా ముందు మరొక పని ఉంది.’ పిల్ల కొంతసేపు ఊరకుండి, ‘అయితే మా స్కూల్లో మాత్రం చేరకు’ అన్నది. తరువాత నిద్రపోయింది. నేను చాలాసేపు మేలుకొని ఉన్నాను. బాకీ లేదన్న మాట బిడ్డకు విముక్తి అని భావించి చెప్పాను. విముక్తి లభించినది నాకు కూడానని ఆ రాత్రి తెలిసింది.

వేతన ప్రసంగం

2023 జనవరి నుండి ప్రతిదినం నాలుగున్నరకు లేచి రెండు గంటలు అధ్యయనం. ఎనిమిది నుండి పది వరకు మూడు తరగతుల గణిత పుస్తకాలలోని ప్రతి అభ్యాసాన్నీ మొదటి నుండి చేశాను. ఏడు లాంగ్ నోటు పుస్తకాలు నిండాయి. లోకం ఎంత మారిందో ఆ నెలల్లో తెలిసింది. నేను ఉద్యోగం విడిచిన ఏడే పదవ తరగతి ఫలితాలలో మార్కుల స్థానే గ్రేడులు వచ్చాయి. తిరిగి వచ్చేసరికి గ్రేడులు పోయి, 2022 నుండి మార్కులే మరల వచ్చాయి. నాడు గణితానికి రెండు ప్రశ్నపత్రాలు, నేడు నూరు మార్కులకు ఒక్కటే. సంసారచక్రం పరీక్షా విభాగంలో కూడా తిరుగుతున్నదని నవ్వుకున్నాను.

ఏప్రిల్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో డెమో క్లాసు, పిమ్మట కరస్పాండెంటు గారితో సంభాషణ. ‘ఈ పదకొండేళ్లూ ఏం చేశారమ్మా?’ అన్నది మొదటి ప్రశ్న. చెప్పాను. వారు సానుభూతితోనే విన్నారు. తరువాత పద్నాలుగు వేలు అన్నారు. అది కొత్తగా బీఎడ్ పూర్తిచేసినవారికిచ్చే వేతనం. 2012కు పూర్వపు ఏడేళ్ల అనుభవం లెక్కలోకి రాదా అని అడిగాను. ఆయన, ‘మీరు శాస్త్రం తెలిసినవారు. విద్యాదానం కదమ్మా, జీతాలెంచకూడదు’ అన్నారు.

నిష్కామకర్మ సిద్ధాంతానికి మన కాలంలో జరుగుతున్న గొప్ప అపచారం ఇదేనని నా అభిప్రాయం. ఫలాపేక్షను విడవటం కర్త స్వయంగా చేసుకొనే సాధన. పరుల చేత చేయించే పొదుపు పథకం కాదు. పైగా వేతనం వేరు, ఫలం వేరు. విద్యార్థికి విద్య అబ్బటం, నాకు కీర్తి రావటం వంటివి ఫలం. అవి నా అధీనంలో లేవు. వేతనం ఉభయులూ ముందుగా అంగీకరించిన వ్యవహారం. స్వాధ్యాయ ప్రవచనాలను విధించిన ఆ పదకొండవ అనువాకమే, ఆచార్యునికి ప్రియమైన ధనం సమర్పించమని కూడా శిష్యునికి చెబుతుంది. ఆచార్యుడు ధనం గురించి తలచరాదని చెప్పి ఊరుకోలేదు, ఇచ్చే బాధ్యతను ఎదుటివానిపై ఉంచింది.

‘అయ్యా, ఫలం మీద ఆశ విడవటం నేను నేర్చుకోవలసిన విషయం. జీతం నిర్ణయించటం మీరు చేయవలసిన న్యాయం’ అని వినయంగానే చెప్పాను. ఆయన నవ్వారు. ఏడేళ్ల అనుభవాన్ని గణనలోకి తీసుకొని పద్దెనిమిది వేలకు అంగీకరించారు. ఇల్లాలిగా గడిపిన కాలానికి ఏ వేతన స్కేలులోనూ పంక్తి లేదు. దానిని నేనూ అడగలేదు. కాని దానికి ముందున్న ఏడేళ్లను వదలుకోవటం వినయం కాదు, అసత్యాన్ని అంగీకరించటం అవుతుంది.

రజ్జువు లేని సర్పం లేదు

ఇక యోగ్యత ప్రశ్న. గృహంలో గడిపిన కాలం ఉపాధ్యాయురాలికి ఏమైనా ఇస్తుందా? ‘తల్లే తొలి గురువు’ అని ఉపన్యాసాలలో వింటాము. అది అలంకారంగా మిగిలితే ప్రయోజనం లేదు. నా అనుభవంలో నిశ్చితంగా లభించినది ఒక్కటున్నది. దానిని ఉదాహరణతో చెబుతాను.

మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు నూట మూడు వ్రాయమంటే 1003 అని వ్రాశాడు. ఉన్నత పాఠశాలలో బోధించే రోజులలో నాకు ఈ దశ తెలియదు. నా దగ్గరకు వచ్చేసరికే పిల్లలు దానిని దాటి ఉండేవారు. ‘నువ్వు వ్రాసినది చదువు నాన్నా’ అన్నాను. ‘నూట మూడు’ అని నిస్సంకోచంగా చదివాడు. వాడు చేసినది అజాగ్రత్త కాదు. నూరు అని వినిపించింది, 100 వ్రాశాడు. మూడు అని వినిపించింది, పక్కన 3 చేర్చాడు. విన్న వరుసలో వ్రాయాలన్న ఒక నియమాన్ని సక్రమంగా పాటించాడు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, పది కట్టలను ఒక పెద్ద మోపు చేసి, ‘మోపు ఒకటి, విడి కట్టలు లేవు, విడి పుల్లలు మూడు’ అని వాడిచేత పలికించడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. ‘లేవు’ అన్నచోట సున్న వ్రాయాలని నాలుగవ సాయంత్రం వాడే కనుగొన్నాడు.

శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యారంభంలోనే అధ్యాసను నిరూపించారు. అద్వైతులకు అధిష్ఠానం లేని భ్రాంతి లేదు. త్రాడు ఉన్నది గనుకనే పాము కనిపించింది. శూన్యంలో పాము కనిపించదు. విద్యార్థి చేసే పొరపాటు కూడా అంతే. దాని క్రింద ఎక్కడో ఒక సత్యం ఉంటుంది. పామును కర్రతో కొడితే భ్రాంతి పోదు. దీపం తెచ్చి త్రాడును చూపాలి.

2023 జూలైలో పదవ తరగతిలో ఒక అబ్బాయి 9 కూడిక 16కు వర్గమూలం 3 కూడిక 4, అనగా ఏడు అని వ్రాశాడు. సరియైన సమాధానం ఐదు. పూర్వపు రోజులలో ఎర్ర కలంతో కొట్టి, సరియైన దానిని పక్కన వ్రాసి ముందుకు సాగేదాన్ని. నలభై ఎనిమిది పుస్తకాలు దిద్దేవారికి మరొక మార్గం తోచదు. ఈసారి త్రాడును వెదికాను. 9 గుణకారం 16కు వర్గమూలం 3 గుణకారం 4 అని అంతకు ముందు ఆ బాలుడే సరిగా చేశాడు. గుణకారంలో సత్యమైన నియమాన్ని కూడికపై ఆరోపించాడు. అదే అధ్యాస. రెండింటినీ నల్లబల్ల మీద పక్కపక్కన వ్రాసి, ‘ఏది నిజమో కొలిచి చెప్పండి’ అన్నాను. కొలిచారు. పాము పోయింది. ఆ దినం తరువాత ఎవరి పుస్తకంలో తప్పు కనిపించినా, ‘ఈ పిల్ల ఏ నియమాన్ని పాటిస్తే ఇది వచ్చింది?’ అన్న ప్రశ్న ముందుగా కలుగుతున్నది. ఆ ప్రశ్న నాకు మా ఇంటి వసారాలో, చీపురు పుల్లల దగ్గర లభించింది.

అయితే అతిశయోక్తి కూడదు. గృహానుభవం శిక్షణకు ప్రత్యామ్నాయం కాదు. ఒక్క పిల్లవాడికి నాలుగు సాయంత్రాలు ఇవ్వవచ్చును. తరగతిలో నలభై ఎనిమిది మందికి నలభై ఐదు నిమిషాలు. మొదటి వారంలోనే నా కంఠం బొంగురుపోయింది, రోజుకు ఆరు పీరియడ్లు నిలబడి కాళ్లు వాచాయి. అంతకంటే సూక్ష్మమైన కష్టం మరొకటున్నది. తల్లి ప్రేమలో మమకారం సహజం. ఉపాధ్యాయురాలి ప్రేమలో మమకారం చేరితే పక్షపాతమవుతుంది. ‘నా బిడ్డలు’ అన్న భావంతో తరగతికి వెళ్లటం మంచిదేనని చాలామంది అంటారు. నా మట్టుకు, ‘వీరు నావారు కారు, అయినా వీరి శ్రేయస్సు నా కర్తవ్యం’ అన్న భావమే నిలకడగా ఉన్నది.

మరల అంతేవాసినిగా

మా విభాగానికి అధిపతి నాకంటే పదిహేనేళ్లు చిన్నది. నేను ఉద్యోగం విడిచిన ఏడు ఆమె పదవ తరగతి పరీక్ష వ్రాసిందట. మొదటి దినమే, ‘మేడమ్ గారూ, మీరు పెద్దవారు, మీకు నేను చెప్పటమేమిటి’ అని సంకోచించింది. తరగతిలో గోడకు అమర్చిన డిజిటల్ బోర్డు మీద వృత్తం గీయటం నాకు రాదు. సుద్దముక్కతో, దారంతో గీసిన చేయి అది. ‘మీరు చెప్పండి మేడమ్, నేను వ్రాసుకుంటాను’ అని నోటు పుస్తకం తెరిచాను. బడి విడిచాక రోజుకు పావుగంట చొప్పున మూడు వారాలు ఆమె వద్ద నేర్చుకున్నాను.

ఇది అవమానమని ఎవరికైనా తోస్తే ఛాందోగ్యోపనిషత్తులోని ఉద్దాలకుణ్ణి స్మరించాలి. ఆయన కుమారుడు శ్వేతకేతువు ప్రవాహణుడనే రాజు అడిగిన ఐదు ప్రశ్నలకు సమాధానం చెప్పలేక తండ్రి వద్దకు వచ్చి, నాకు సరిగా నేర్పలేదని నిష్ఠూరమాడాడు. స్వయంగా ఆచార్యుడైన ఉద్దాలకుడు, నాకే తెలియదని చెప్పి, తానే ఆ రాజు వద్దకు జిజ్ఞాసువుగా వెళ్లాడు. ఆయన పేరు నేటికీ ఆచార్యుల వరుసలోనే ఉన్నది. స్వాధ్యాయ పదం ప్రవచన పదానికి ముందు నిలవటంలో ఔచిత్యం ఇదే. నేర్చుకోవటం ఆపినవారికి నేర్పే అధికారం నశిస్తుంది, వారు ఒక్క దినమైనా ఉద్యోగం విడవకపోయినా సరే. మరల నేర్చుకోవటానికి కూర్చున్నవారికి ఆ అధికారం తిరిగి వస్తుంది, ఎన్నేళ్లు గడిచినా సరే.

ఇప్పటికి రెండు విద్యాసంవత్సరాలు పూర్తయ్యాయి. నేను లేని ఇల్లు నడుస్తున్నది, కొంచెం వంకరగానైనా. పిల్లవాడు తన డబ్బా తానే సర్దుకుంటాడు. కూరలో ఉప్పు ఎక్కువైన దినాలున్నాయి. నేను ప్రశ్నపత్రాలు దిద్దుతూ నిద్రపోయిన రాత్రులున్నాయి. ‘చ’ అన్నది పలకటానికి ఒక్క అక్షరం, మోయటానికి రెండు బరువులు. ఆ బరువును ఒక్కరి భుజం మీదనే ఉంచితే చకారం శిక్షగా మారుతుంది. ఇంటిల్లిపాదీ పంచుకుంటేనే అది ధర్మమవుతుంది. ఉపనిషత్తు ఆ జాబితాలో అతిథిసేవను, అగ్నిహోత్రాన్ని చేర్చినప్పుడు వాటిని ఇల్లంతా కలిసి చేస్తుందన్న ఎరుక అందులో అంతర్లీనంగా ఉన్నదని నా విశ్వాసం.

ఈ దారిలో ఉన్న సోదరీమణులకు నా విన్నపం స్వల్పం. తిరిగి వెళ్లాలా వద్దా అన్నది మీ మీ పరిస్థితిని బట్టి మీరు నిర్ణయించుకోవలసినది. ఇంట్లోనే ఉండటం తక్కువ కాదు, వెళ్లటం స్వార్థం కాదు. కాని వెళ్లే దినం ఎప్పుడో తేలేవరకు స్వాధ్యాయాన్ని వాయిదా వేయకండి. దినానికి ఒక్క లెక్క, ఒక్క పుట, ఒక్క పద్యం చాలును. సన్నని దారమైనా చేతిలో ఉంటే, దాని కొసకు మరల ముడి వేయటానికి ఏ వయసూ ఆలస్యం కాదు.

స్వస్తి.